యాభై ఐదు కిలోలు

పరుగు!

జరీర్ పరిగెడుతున్నాడు.

రాత్రి ఏడూ పది. జడివాన. కాళ్ల కింద తారు కనపడటం లేదు. ఎడమ చెవి పక్కనుంచి వెచ్చగా ఏదో కారుతోంది. వాన నీళ్లు వెచ్చగా ఉండవు.

రక్తం!

వెనకాలే బూట్ల చప్పుడు. దగ్గరవుతోంది.

"బావా! ఆగు! ఆగమంటున్నానా!"

ఆగలేదు.

ఒలుహేరా దీవి ఈ కొస నుంచి ఆ కొసకి నడిస్తే పావుగంట. అందులో సగం ఎయిర్‌పోర్టే. ఒక రన్‌వే, రేకుల టెర్మినల్, సామాన్ల షెడ్డు, ఫైరింజన్ షెడ్డు, మూడంతస్తుల టవర్. ఇంతే. ఇంత చోటులో మనిషి పారిపోవడానికి ఎక్కడుంది?

పారిపోవడం లేదు. టవర్‌కి పోతున్నాడు.

ఇంకా రెండొందల గజాలు...

కుడి పక్కన విమానం కదిలింది. పందొమ్మిది సీట్ల బుల్లి విమానం. లైట్లు మిణుకు మిణుకుమంటూ దక్షిణపు కొసకి మెల్లగా పోతోంది. అక్కడ వెనక్కి తిరుగుతుంది. ఇటే దూసుకొస్తుంది. టెర్మినల్ దాటేలోపు పైకి లేవాలి.

లేవదు!

ఆ సంగతి విమానంలో ఉన్న పదిహేడు మందికీ తెలియదు. పైలట్‌కీ తెలియదు. జరీర్‌కి తెలుసు.

ఐదు నిమిషాల కిందటి వరకూ అతనికీ తెలియదు.

ఐదు నిమిషాల కిందట సామాన్ల షెడ్డు బయట ఒక పెట్టె తడుస్తూ కనపడింది. విమానం తోకలో పట్టక మిగిలిపోయినట్టుంది. పైన చీటీ... "ఎండు చేప. ఇరవై కిలోలు." అయ్యో, ఎవరిదో చేప పాడైపోతుందని లోపలికి లాగబోయాడు.

కదల్లేదు!

ఇరవై కిలోల పెట్టె కదలకపోవడమేంటి?

రెండు చేతులా పట్టి, నడుం పట్టేసేలా ఈడ్చి కాటా మీదికి ఎక్కించాడు. ముల్లు గిర్రున తిరిగింది. యాభై ఎనిమిది దగ్గర ఆగింది.

మూత పీకాడు. పైన రెండు వరసలు ఎండు చేప. కింద గోనెపట్టా. దాని కింద... రాయి.

తెల్లటి పగడపు రాయి. గొలుసుకట్టు చెక్కడం. గుండ్రటి తల. మగవాళ్ల సమాధి రాయికి తల మొనదేలి ఉంటుంది. గుండ్రంగా ఉంటే ఆడమనిషిది. ఆ గుండ్రటి తలకి ఒక మూల చిన్న పెచ్చు ఊడి ఉంది.

జరీర్ ఆ పెచ్చుని వేలితో తడిమాడు.

ఆ పెచ్చు ఊడగొట్టింది తనే! తొమ్మిదేళ్లప్పుడు. పాత ఖబరస్తాన్‌లో గెంతుతూ పడ్డాడు. ఆ రోజు ఖురాన్ నేర్పే తోహా ఉస్తాద్ బెత్తంతో పన్నెండు వడ్డించారు. "మీ నాయనమ్మ తల్లి తలదగ్గర రాయిరా అది! మూడు తరాల మనిషి! సిగ్గు లేదూ?"

ఆ రాయి ఇప్పుడు చేపల పెట్టెలో ఉంది!

"దాన్ని ముట్టుకోకు బావా."

వెనక ఉమైర్. సామాన్ల షెడ్డుకి పెద్ద. జరీర్ పెళ్లాం తమ్ముడు. చేతిలో విమానం చక్రం కింద పెట్టే చెక్క దిమ్మ.

జరీర్ నడుముకున్న వాకీటాకీ అందుకోబోయాడు...

దిమ్మ గాల్లో లేచింది!

ముందు చెవి మీద. తర్వాత వాకీ మీద. వాకీ రెండు ముక్కలైంది.

అప్పుడు మొదలైంది ఈ పరుగు.

* * *

ఒక పెట్టెలో ముప్పై ఎనిమిది కిలోలు ఎక్కువ.

అలాంటివి పన్నెండు పెట్టెలు విమానం తోకలో ఉన్నాయి!

సాయంత్రం ఆ పెట్టెల్ని ఇద్దరేసి మోస్తుంటే జరీర్ చూశాడు. ఒక్కోటీ "ఇరవై" అని ఉమైర్ అరిచాడు. "ఇరవై" అని ఇతను రాశాడు. బావమరిది మాటని కాటా మీద పెట్టి తూస్తారా ఎవరైనా? తూస్తే ఇంట్లో ముద్ద దిగుతుందా?

తూచి ఉంటే బాగుండేది.

పన్నెండు ముప్పై ఎనిమిదులు... నాలుగొందల యాభై ఆరు. అంతా తోకలోనే. పైగా వాన, తడి రన్‌వే. తోక బరువెక్కితే విమానం ముక్కు ఎత్తి కూలబడుతుంది. రన్‌వే అయిపోయాక అక్కడ ఉండేది సముద్రం.

అక్కడితో అయిపోతే ఏడుపే లేదు.

అసలు ఏడుపు ఆ నాలుగొందల యాభై ఆరు కాదు. దాని పక్కన ఇంకో అబద్ధం ఉంది. అది ఉమైర్‌ది కాదు.

జరీర్‌ది!

పదకొండేళ్ల కిందట ఎయిర్‌పోర్టు తెరిచిన మొదటి నెల. చిన్న విమానం కాబట్టి ప్రతి ప్రయాణికుడూ కాటా ఎక్కాలి. గుమస్తా బరువు గట్టిగా చదివి షీటులో రాయాలి. అది రూలు. కొత్త యూనిఫాం, కొత్త పెన్ను, గుమస్తా జరీర్. లైనులో నజీమా వచ్చింది. అతని పెళ్లాం. చెప్పులు విప్పి కాటా ఎక్కింది.

"డెబ్భై ఎనిమిది!" అని చదివాడు.

లైనులో ఎవడో కుర్రాడు అన్నాడు. "ఒక టిక్కెట్టు మీద రెండు బస్తాలా!"

అందరూ నవ్వారు.

జరీర్ కూడా నవ్వాడు.

నజీమా కాటా దిగింది. చెప్పులు తొడుక్కుంది. అతని వంక చూడలేదు.

మర్నాటి నుంచి ఒలుహేరాలో ఆడవాళ్లెవరూ కాటా ఎక్కలేదు. "వద్దులే అక్కా, నేను రాసేస్తా" అనేవాడు జరీర్. అందరికీ ఒకటే అంకె. యాభై ఐదు. బక్కపలచటి పిల్లకీ యాభై ఐదే. నలుగుర్ని కన్న తల్లికీ యాభై ఐదే. "మర్యాద తెలిసిన మనిషి" అని ఊరంతా మెచ్చుకుంది. ముసలమ్మలు తల నిమిరి దీవించారు.

మర్యాదట!

ఈ రాత్రి విమానంలో తొమ్మిది మంది ఆడవాళ్లున్నారు. ఒక్కొక్కరికీ ఎంత తక్కువ రాశాడో అల్లాకే తెలియాలి. షీటు కింద సంతకం మాత్రం ఒక్కడిదే.

మూడో నంబరు సీట్లో... నజీమా!

* * *

కాలర్ పట్టుకుని ఎవరో వెనక్కి గుంజారు.

ఇద్దరూ తారు మీద పడ్డారు. ఉమైర్ మీదెక్కి కూర్చున్నాడు. కండలు తిరిగిన చేతులు. రోజూ పెట్టెలు మోసే చేతులు.

"ఎవరికీ ఏం కాదు బావా! వల్లాహీ, ఏం కాదు! పెద్దాయన అన్నీ ఆలోచించే చేశాడు!"

"ఏ పెద్దాయనరా?"

"నీకెందుకు! జరీర్ షీటులో ఎప్పుడూ అబద్ధమే, ఇన్నేళ్లలో విమానం పడిందా అన్నాడు. ఇంకాస్త బరువుకి పడుతుందా అన్నాడు. ఇప్పుడు నువ్వు నోరు మూసుకుంటే చాలు!"

జరీర్ గొంతు మీద ఉమైర్ మోచెయ్యి ఉంది. ఊపిరి అందడం లేదు. దక్షిణపు కొసన విమానం లైట్లు మెల్లగా వెనక్కి తిరుగుతున్నాయి.

"మీ... అక్క..."

"ఏంటి?"

"మీ అక్క ఉందిరా అందులో!"

ఉమైర్ నవ్వాడు. "అక్క రేపు పొద్దున పడవలో పోతోంది. నాకు కథలు చెప్పకు."

"సముద్రం బాలేదని పడవ ఆపేశారు! మధ్యాహ్నం వచ్చి టిక్కెట్టు మార్చుకుంది. మూడో నంబరు. నా చేత్తో నేనే రాశాను!"

మోచెయ్యి సడలింది.

ఉమైర్ మధ్యాహ్నమంతా షెడ్డులోనే ఉన్నాడు. చేపల కింద రాళ్లు సర్దుతూ. టెర్మినల్ వైపు తొంగి కూడా చూడలేదు.

"నిజం చెప్పు బావా."

"నీ మీద ఒట్టు. నా మీద ఒట్టు. ఆ రాయి కింద పడుకున్న ముసలిదాని మీద ఒట్టు!"

ఉమైర్ మొహంలో నెత్తురుచుక్క లేదు. అమ్మ పోయాక వాణ్ణి ఎత్తుకుని పెంచింది ఆ అక్కే.

"నువ్వు టవర్‌కి పో..." ఉమైర్ లేచాడు. జేబులోంచి టార్చి లాగాడు. "పో బావా! నేను ఎదురెళ్తా!"

"ఒరేయ్! రన్‌వే మీదకా? చస్తావు!"

వినిపించుకోలేదు. టార్చి ఊపుకుంటూ రన్‌వే వైపు పరిగెత్తాడు. వాన వాణ్ణి మింగేసింది.

* * *

టవర్ మెట్లు. నలభై రెండు.

జరీర్‌కి నలభై ఆరేళ్లు. పదకొండేళ్లుగా కుర్చీలో కూర్చుని యాభై ఐదులు రాసిన ఒళ్లు. రెండో మలుపులోనే గుండె దడదడ కొట్టుకుంది.

మధ్యాహ్నం కౌంటర్ దగ్గర నజీమా నిలబడిన తీరు గుర్తొచ్చింది. వదులుగా నల్లటి గౌను. వేలి ఉంగరం జారిపోకుండా దారం చుట్టి ఉంది. "అక్క మనవడికి పేరు పెడుతున్నారు. రెండ్రోజుల్లో వచ్చేస్తా," అంది. చేతిలో ఒక గుడ్డ సంచీ. దాన్ని గుండెకి హత్తుకుని పట్టుకుంది.

ఈ మధ్య కాస్త సన్నబడింది. పొద్దున పూట చేప రోషీ రొట్టె సగం తిని వదిలేస్తోంది. తిండి తగ్గించింది కాబోలు అనుకున్నాడు. లోలోపల సంతోషించాడు కూడా. పైకి మాత్రం అనలేదు. ఆ ఇంట్లో బరువు అన్న మాట ఎత్తి పదకొండేళ్లయింది.

"కాటా ఎక్కుతావా?" అని అడిగి ఉండాల్సింది. అడగలేదు. యాభై ఐదు అని రాశాడు.

ఆఖరి మెట్టు! తలుపు!

"ఉస్తాద్! ఆపండి! విమానం ఆపండి!"

తోహా ఉస్తాద్ కుర్చీలో వెనక్కి తిరిగారు. తెల్లటి గడ్డం. చెవులకి హెడ్‌ఫోన్. ముందు మైకు, పక్కన చల్లారిపోయిన టీ. పగలు పిల్లలకి ఖురాన్ చెప్తారు. శుక్రవారం మసీదులో ప్రసంగిస్తారు. పాత ఖబరస్తాన్ కమిటీకి ఆయనే పెద్ద. విమానం ఉన్న పూట టవర్ ఎక్కుతారు. దీవిలో సగం మంది ఆయన దగ్గర అలిఫ్ అక్షరం దిద్దినవాళ్లే.

"ఏంట్రా ఆ నెత్తురు?"

"తర్వాత చెప్తా! తోకలో పెట్టెలున్నాయి ఉస్తాద్. చేప కాదు. మన ఖబరస్తాన్ రాళ్లు! దొంగతనం చేశారు! ఒక్కోటీ అరవై కిలోలు. పన్నెండు పెట్టెలు!"

ఆయన మొహంలో కోపం వస్తుందని చూశాడు. రాలేదు. ఆశ్చర్యం వస్తుందని చూశాడు. అదీ రాలేదు.

"పదమూడు కదా," అన్నారు ఉస్తాద్. "ఒకటి మిగిలిపోయిందా?"



కంచే చేను మేసింది!

"మీరా... ఉస్తాద్?"

"ఏడాదికో వరస సముద్రం మింగుతోందిరా ఆ ఖబరస్తాన్‌ని. కళ్లారా చూస్తున్నావుగా! అడ్డుగోడ కట్టమని ఎన్ని అర్జీలు పెట్టాను? ఎవడైనా వచ్చాడా? ఎలాగూ నీళ్లపాలయ్యేవే. ఎక్కడో ఎవరి ఇంట్లోనో భద్రంగా ఉంటాయి. తప్పేముంది?"

"మనుషులున్నారు అందులో! విమానం లేవదు!"

"లేస్తుంది. నీ అబద్ధాలు మోసుకుని పదకొండేళ్లు లేచిందిగా!"

స్పీకర్‌లో ఆడగొంతు. కెప్టెన్ లైషా. "ఒలుహేరా టవర్, బయల్దేరడానికి సిద్ధం."

జరీర్ మైకు మీదికి దూకబోయాడు.

ఉస్తాద్ మైకుని ఎత్తి అతని ముందే పెట్టారు!

"ఇదిగో. తీసుకో. చెప్పు. ఏమని చెప్తావు? దొంగ అంకెలు రాశానని చెప్తావా? సరే, చెప్పు. విమానం ఆగుతుంది. అందర్నీ దింపుతారు. ఊరంతా కంచె దగ్గరే ఉంది, చుట్టాల్ని సాగనంపడానికొచ్చి. వాళ్లందరి ముందూ ఆడవాళ్లని కాటా ఎక్కిస్తారు. మొదట మీ ఆవిడ్ని. గట్టిగా చదువుతారు. మళ్లీ నవ్వుతారు." ఉస్తాద్ గొంతు తగ్గించారు. "నువ్వూ నవ్వుతావు."

జరీర్ నోరు తెరిచాడు.

మాట రాలేదు!

ఒకటి... రెండు... మూడు సెకన్లు.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తొమ్మిది మంది ఆడవాళ్లు, ఎనిమిది మంది మగవాళ్లు, ఇద్దరు పైలట్లు. వాళ్ల ప్రాణాలు ఒక పక్క. తన పరువు ఒక పక్క. మూడు సెకన్లు తూచాడు! ఇక బతికినన్నాళ్లూ అతను సిగ్గుపడబోయేది ఆ మూడు సెకన్లకే.

ఆ మూడు సెకన్లు ఉస్తాద్‌కి చాలు.

మైకు వెనక్కి లాక్కున్నారు. "రన్‌వే ఖాళీగా ఉంది. వెళ్లొచ్చు."

"వెళ్తున్నాం."

జరీర్ మీద పడ్డాడు. మైకు చేతికొచ్చింది. ఉస్తాద్ తీగ పట్టుకుని పీకేశారు. తీగ తెగింది. మైకు చచ్చిపోయింది!

దక్షిణపు కొసన ఇంజన్లు గర్జించాయి.

లైట్లు కదిలాయి. వస్తున్నాయి...

దేవుడా! ఇంకేముంది? ఏముంది ఇక్కడ?

గోడ మీద మేకు. మేకుకి కొంగల తుపాకీ!

సాయంత్రాలు రన్‌వే మీద కొంగలు వాలతాయి. వాటిని బెదరగొట్టడానికి లావుపాటి గొట్టంతో ఒక పిస్తోలు. దీవి మొత్తానికి అదొక్కటే తుపాకీ. కింద అరలో గుళ్ల డబ్బా. నల్లవి చప్పుడుకి. ఎర్రవి రెండే రెండు. ఎర్ర వెలుగు కనపడితే ఎక్కడున్న పైలట్ అయినా ఆగి తీరాలి. మైకు పనిచేయని రోజు కోసం పెట్టారు. ఆ రోజు ఎప్పుడూ రాలేదు.

ఒక ఎర్రది తోశాడు. కిటికీ తీశాడు. వాన మొహం మీద కొట్టింది.

ట్రిగ్గర్ నొక్కాడు.

టక్!

అంతే. పేలలేదు. తేమకి మెత్తబడిపోయింది!

విమానం సగం దూరం వచ్చేసింది. ముక్కు పైకెత్తి ఉంది... మరీ పైకి. తోక నేలని రాసుకుంటోంది. నిప్పురవ్వలు! రన్‌వే మధ్యలో చిన్న టార్చి వెలుగు పిచ్చిగా ఊగుతోంది.

ఉమైర్!

"వద్దురా," ఉస్తాద్ గొంతు వెనకనుంచి. ఆ గొంతులో మొదటిసారి వణుకు. "ఎవరు ఆపమంటే ఆపావని అడుగుతారు. నువ్వే చెప్పాలి. మొత్తం చెప్పాలి. తల ఎత్తుకోలేవు!"

రెండో గుండు. వేళ్లు తడి. జారింది. దొర్లింది. దొరకబుచ్చుకున్నాడు. తోశాడు.

"ఎత్తుకోను," అన్నాడు జరీర్.

ఢాం!

ఆకాశం ఎర్రబడింది. రన్‌వే ఎర్రబడింది. వాన ఎర్రబడింది. గూళ్లలోంచి కొంగలు వందల కొద్దీ లేచాయి.

ఇంజన్ల మోత ఒక్కసారిగా తెగింది. టైర్లు కీచుమన్నాయి. విమానం అడ్డంగా జారింది. టార్చి వెలుగు గాల్లో ఎగిరి పక్కకి పడింది. టెర్మినల్ దాటింది... తెల్లగీత దాటింది... తారు దాటింది...

ఆగింది!

ముందు చక్రం ఇసుకలో దిగబడింది. ముక్కు ముందు ఏడెనిమిది గజాల్లో సముద్రం.

* * *

టెర్మినల్ నిండా జనం.

ప్రయాణికులు వాళ్ల కాళ్లతో వాళ్లు నడిచొచ్చారు. ఉమైర్‌ని ఇద్దరు పట్టుకొచ్చారు. చెయ్యి విరిగింది. ప్రాణం ఉంది. వాడు అక్క కాళ్ల దగ్గర కూలబడి ఏడుస్తున్నాడు. టవర్ కింద ఉస్తాద్‌ని ఒక పోలీసు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన గడ్డం తడిసిన గడ్డిలా వేలాడుతోంది. ఎవరూ ఆయన వంక సూటిగా చూడలేకపోతున్నారు. తమకే సిగ్గుగా ఉంది.

కెప్టెన్ లైషా లోపలికొచ్చింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. చేతిలో లోడ్ షీటు. తడిసిపోయింది, అయినా అంకెలు కనపడుతున్నాయి.

"ఈ సంతకం ఎవరిది?"



"నాది," అన్నాడు జరీర్.

"పెట్టెల సంగతి తెలిసింది. మోసం వాళ్లది. మరి ఇవి?" ఆమె వేలు ఒక వరస మీద జారింది. యాభై ఐదు, యాభై ఐదు, యాభై ఐదు... "ఇవి ఎవరివి?"

"నావే. పదకొండేళ్లుగా నావే."

"మాకు తెలుసండీ."

జరీర్ తలెత్తాడు.

"పైలట్లందరికీ తెలుసు. ఈ దీవి పేరెత్తితే అసలు పేరే చెప్పం. 'యాభై ఐదుకి వెళ్తున్నా' అంటాం. ఒక్కో ఆడమనిషికీ మనసులోనే పదిహేను కలుపుకుని బయల్దేరతాం. నవ్వుకుంటాం కూడా." ఆమె ఇప్పుడు నవ్వడం లేదు. "ఎవరం పైకి చెప్పలేదు. అది మా తప్పు. ఈ రోజు తోక లేవకపోతే కూడా, మళ్లీ ఆయన యాభై ఐదులే అనుకున్నాను. ఇంజన్లని ఇంకాస్త తోశాను."

తిలాపాపం తలా పిడికెడు. కానీ పిడికిలి ఎక్కువ ఎవరిదో జరీర్‌కి తెలుసు. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"విచారణకి అసలు బరువులు కావాలి. ఎవరూ ఇంటికి వెళ్లకముందే, ఇప్పుడే." కెప్టెన్ కాటా వైపు చూపించింది. "ఆడవాళ్లు కూడా."

ఎవరూ కదల్లేదు.

తొమ్మిది మంది ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు నక్కారు. కంచె దగ్గర్నుంచి వచ్చిన ఊరంతా గుమ్మంలో ఉంది. అన్నలు, మరుదులు, అల్లుళ్లు. ఆ తొమ్మిది మందిలో ఒక ముసలమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"చచ్చిపోయినా బాగుండేది," అంది మెల్లగా.

జరీర్‌కి ఆ మాట చెవి మీది దెబ్బకంటే గట్టిగా తగిలింది.

అప్పుడు గుంపు విడిపోయింది.

నజీమా!

తమ్ముడి తల మీంచి చెయ్యి తీసి నడిచొచ్చింది. గుడ్డ సంచీ ఇంకా గుండెకి హత్తుకునే ఉంది. కాటా దగ్గర ఆగింది. చెప్పులు విప్పింది. పదకొండేళ్ల కిందట విప్పినట్టే.

"వద్దు..." అన్నాడు జరీర్. "నజీమా, నువ్వొద్దు. నన్ను తిట్టు. కొట్టు. ఇది వద్దు."

"ఎవరి పరువు కోసం వద్దంటున్నావు?"

జరీర్ చూపు కాటా మీదికి మళ్లింది.

"ఆ యాభై ఐదు నా కోసం రాశావనుకున్నావు. కాదు. ఆ రోజు నవ్వావు చూడు, అది నీకు గుర్తు రాకుండా ఉండాలని రాశావు. నాకు తెలియదనుకున్నావా?" ఆమె గొంతు పెంచలేదు. "నా బరువు నాదే. చదువు."

సంచీ నేల మీద పెట్టి కాటా ఎక్కింది.

ముల్లు కదిలింది. ఊగింది. ఆగింది.

జరీర్ చూశాడు.

కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. కాటా పాడైందా? వంగి చూశాడు. కాటా సరిగ్గానే ఉంది.

వదులు గౌను. దారం చుట్టిన ఉంగరం. సగం వదిలేసిన రోషీ. తను లోలోపల సంతోషించిన రోజులు... అన్నీ ఒక్కసారి కళ్ల ముందు నిలబడ్డాయి.

"చదువు," అంది నజీమా. "గట్టిగా. ఆ రోజు చదివినట్టు."

"నలభై..." సగంలో ఆగాడు.

"గట్టిగా!"

"నలభై తొమ్మిది."

ఎవరూ నవ్వలేదు.

"అక్క మనవడికి పేరు పెట్టే వేడుకేం లేదు," అంది. సంచీలోంచి ఆసుపత్రి కాగితం చివర తొంగిచూస్తోంది. "రేపు పదింటికి కడుపులోంచి ముక్క తీసి పరీక్ష చేస్తారట. ఎనిమిది నెలల్నుంచి కరిగిపోతున్నాను. నీకు నోటితో చెబుదామని ఎన్నిసార్లో కూర్చున్నా. బరువన్న మాట వస్తే నువ్వు లేచి బయటికి పోతావు కదా."

ముసలమ్మ కొంగు దించింది. చెప్పులు విప్పి నజీమా వెనక వచ్చి నిలబడింది. ఆమె వెనక ఇంకొకామె. ఆమె వెనక ఇంకొకామె.

"రాసుకోండి," అంది కెప్టెన్ లైషా మెల్లగా.

జరీర్ షీటు అందుకున్నాడు. మూడో వరస. నజీమా. పక్కన అతని చేతిరాతతోనే... యాభై ఐదు.

పదకొండేళ్లలో మొదటిసారి అతను ఆమె బరువు ఎక్కువ రాశాడు.